ఆంగ్లమున ఆడజంతువుల పేర్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



బడికి పోవు పిల్లలున్న ఇంట సాయంకాలమున వీధి అరుగు దాక వినవచ్చు వల్లెవేత ఒకటి కలదు. 'బుల్ – కౌ, కాక్ – హెన్, రామ్ – యూ, ఫాక్స్ – విక్సెన్.' ఆంగ్ల వ్యాకరణమున లింగప్రకరణము క్రింద రెండు వరుసలుగా అచ్చొత్తిన పట్టిక అది. ఎడమ ప్రక్క మగవి, కుడి ప్రక్క ఆడవి. పిల్లవాడు దానిని ఎక్కమువలె కంఠస్థము చేయును. పరీక్ష ముగిసిన మరునాడు మరచును. మరచుట వాని తప్పు కాదు. ఆవునకు వేరు పేరు, ఆడ నక్కకు వేరు పేరు ఉండగా ఆడ కాకికి, ఆడ కప్పకు, ఆడ పాముకు ఎందుకు లేవని వాడు అడిగినచో, పుస్తకములో అట్లున్నదని తప్ప వేరు సమాధానము వానికి సాధారణముగా దొరకదు.

సమాధానము లేకపోలేదు. అది వ్యాకరణ పుస్తకమున గాక పశువుల కొట్టమున ఉన్నది. ఆంగ్ల దేశపు పశువుల కొట్టము తెలుగు రైతు ఎన్నడును చూడనిదే అయినను, అందలి వ్యవహారము ఆయనకు క్రొత్త కాదు. అందుచేతనే ఈ విషయమును గ్రామ గ్రంథాలయ సభలో చెప్పుటకు వీలగుచున్నది.

మొదట వ్యాకరణము సంగతి తేల్చుకొనవలయును. వేయి సంవత్సరముల క్రిందటి ఆంగ్లమునకు సంస్కృతమునకువలెనే మూడు లింగములుండెడివి. ఆ లింగములకు లోకములోని ఆడ మగ భేదముతో నిలకడయైన సంబంధము లేదు. నేడు భార్య అను అర్థమిచ్చు 'వైఫ్' అను పదము ఆనాడు స్త్రీ అను అర్థమిచ్చుచు నపుంసకలింగముగా ఉండెను. 'వుమన్' అను పదమునకు మూలరూపము పుంలింగము! సంస్కృతమున భార్యను చెప్పు 'దార' శబ్దము పుంలింగమనియు, 'కళత్ర' శబ్దము నపుంసకమనియు ఎరిగిన పండితులకు ఇది వింతగా తోచదు. 11వ శతాబ్ది మొదలు 14వ శతాబ్ది లోపల ఆ లింగవ్యవస్థ ఆంగ్లమున క్రమముగా రాలిపోయినది. నేటి ఆంగ్లమున క్రియాపదము ఆడదానికి, మగవానికి, రాతికి ఒక్కటియే. భేదము సర్వనామములయందు మాత్రము మిగిలినది.

తెలుగు సంగతి వేరు. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి నామములను మహత్తులనియు అమహత్తులనియు విభజించెను. వ్యవహారమున చూచినచో 'ఆమె వచ్చినది' అనునప్పటి క్రియయే 'ఆవు వచ్చినది' అనునప్పుడును వచ్చును. స్త్రీలు పలువురైనచో 'వచ్చినారు' అందురు; ఆవులు పెక్కులైనచో 'వచ్చినవి' అందురు. ఏకవచనమున ఆవు సరసను, బహువచనమున పురుషుల సరసను కూర్చుండు ఈ స్త్రీవాచకముల చరిత్ర మరియొక ప్రసంగమునకు చాలినంత ఉన్నది. ఇప్పటికి గ్రహింపవలసినది ఇంతియే: ఆంగ్లమునకు అట్టి నిర్బంధము ఏదియు లేదు. లింగభేదమును పాటింపుమని వ్యాకరణము ఒత్తిడి చేయని భాషలో ఆవునకు, గొర్రెకు, గుఱ్ఱమునకు, పందికి, కోడికి ప్రత్యేకమైన ఆడపేర్లు నిలిచియున్నవన్నచో, వానిని నిలిపినది వ్యాకరణము కాదు, అవసరము.

ఆ అవసరమేదో చెప్పనక్కరలేదు. పాలిచ్చునది ఆడది. ఈనునది ఆడది. గ్రుడ్డు పెట్టునది ఆడది. కాకి ఆడదో మగదో తెలియకపోయినందున ఏ ఇంటికిని నష్టము లేదు. సంతలో కొన్న దూడ ఆడదో మగదో తెలియక ఇంటికి తోలుకొని వచ్చినవానిని మాత్రము ఊరెల్ల నవ్వును.

ఆడదని తెలిసిన చాలునా? అదియును చాలదు. చూడిదా, పాడిదా, ఒట్టిపోయినదా, తొలిచూలుదా, మలిచూలుదా అని తెలుగు రైతు అడుగును. ఆంగ్ల రైతును అట్లే అడిగెను. కాని ఆయన వయసును బట్టి పేర్లనే వేరు చేసెను. ఇంకను ఈనని పడుచు ఆవు, కొందరి వాడుకలో ఒక్క ఈత మాత్రమే ఈనిన ఆవు, 'హెఫర్'. ఆ పిమ్మటనే అది 'కౌ' అగును. గుఱ్ఱములలో పడుచుది 'ఫిల్లీ', ఎదిగినది 'మేర్'. పందులలో ఈననిది 'గిల్ట్', ఈనినది 'సౌ'. ఏడాది నిండని కోడిపెట్ట 'పుల్లెట్', నిండినది 'హెన్'. ఉత్తర ఇంగ్లండు కొండలలోను స్కాట్లండులోను పడుచు గొర్రెకు 'గిమ్మర్' అని పేరు; అది ఈని తల్లియైన పిదప 'యూ'. తెలుగున పెయ్య, పడ్డ అను మాటలు ఈ కోవకు చెందినవే. పట్నములో పుట్టి పెరిగిన తెలుగు బాలునకు పడ్డ యనగా ఏమో తెలియనట్లే, లండను నగరమున పెరిగిన బాలునకు గిమ్మర్ అనగా ఏమో తెలియదు. పశువుల అంగడిలో పాట పాడువారు మాత్రము నేటికిని ఆ మాటనే పలుకుదురు. వేరు మాట పలికినచో ధర మారును.

ఈ వరుసలో మిక్కిలి విశేషమైన పేరు ఒకటి కలదు. బడిపుస్తకమున అది కానరాదు. ఆవు కవలలను ఈని, అందొకటి కోడెదూడ, మరియొకటి పెయ్యదూడ అయినచో, ఆ పెయ్యను ఆంగ్ల రైతులు 'ఫ్రీమార్టిన్' అందురు. అట్టి పెయ్యలలో నూటికి తొంబదికి పైగా గొడ్డువి. ఎన్నటికిని చూడి కట్టవు. పైకి చూడ పెయ్యవలెనే యుండును, లోపల గర్భాశయాదులు సరిగా ఏర్పడి యుండవు. దీనిని రైతులు ఎంతయో కాలము నుండి ఎరిగియుండిరి. లండనులోని సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ అట్టి పశువులను కోసి పరీక్షించి 1779లో వ్యాసము ప్రకటించెను. కారణము తేలుటకు మరి నూటముప్పది సంవత్సరములకు పైగా పట్టెను. గర్భమున ఆ రెండు పిండముల మాయలు కలిసిపోయి రక్తము ఒకదానినుండి మరియొకదానికి ప్రసరించుననియు, మగపిండమునందలి స్రావములు ఆడపిండముయొక్క ఎదుగుదలను త్రిప్పివేయుననియు అమెరికా దేశమున ఫ్రాంక్ లిల్లీ అను శాస్త్రజ్ఞుడు 1916, 1917 సంవత్సరములలో నిరూపించెను. శాస్త్రజ్ఞులు కనుగొనక పూర్వమే పశువులు మేపువారు దానికొక పేరు పెట్టి, అది కొనవలదని బిడ్డలకు చెప్పుకొనిరి. సంతలో పెయ్యను బేరమాడువారు దానికి తోడబుట్టిన కోడె ఉన్నదా అని అడుగుట నేటికిని మంచిదే.

ఇక ఈ పేర్లు పెట్టినవారెవరు? 1066లో ఫ్రాన్సు దేశపు ఉత్తర భాగమునుండి వచ్చిన నార్మనులు ఇంగ్లండును జయించిరి. దొరలు ఫ్రెంచి మాటలాడిరి, పాలేర్లు ఆంగ్లము మాటలాడిరి. కొట్టమున ఉన్నంతకాలము జంతువు పేరు ఆంగ్లము: కౌ, షీప్, స్వైన్. వండి పళ్ళెరమున పెట్టినప్పుడు పేరు ఫ్రెంచి: బీఫ్, మటన్, పోర్క్. సర్ వాల్టర్ స్కాట్ 1819లో ప్రకటించిన 'ఐవన్‌హో' నవలయందు ఒక విదూషకుని నోట ఈ సంగతిని పలికించినది మొదలు ఇది లోకమున ప్రసిద్ధమైనది. అయితే ఆ విదూషకుడు చెప్పని సంగతి ఒకటి మిగిలినది. కౌ, యూ, సౌ, మేర్, హెన్ – కుడి ప్రక్క వరుసలోని ఈ చిన్న చిన్న మాటలలో ఒక్కటియు దొరలది కాదు. అన్నియు పాలేర్లవి, పాలు పితుకు ఆడవారివి. పాడిశాలకు 'డైరీ' అని పేరు. ఆ మాటలోని మొదటి భాగము పూర్వము దాసీయను అర్థమిచ్చెడిది. అంతకుముందు రొట్టెకు పిండి పిసుకునది అని అర్థము. 'లేడీ' అను గౌరవపదమున చివరి భాగమును ఆ కుదుటిదే. రొట్టె పిసుకు ఇల్లాలు కాలక్రమమున దొరసాని అయ్యెను. పాలు పితుకు దాసి పేరు మాత్రము పాడిశాలకు మిగిలెను.

ఆ పాడిశాలలోని ఒక పాలపిల్ల చేతిమీది పొక్కు లోకమునకు చేసిన మేలు ఇచ్చట స్మరింపదగినది. గ్లాస్టర్‌షైర్ మండలమున ఎడ్వర్డ్ జెన్నర్ అను వైద్యుడుండెను. ఆవుల పొదుగులకు వచ్చు ఒక విధమైన పొక్కులు పాలు పితుకువారి చేతులకు అంటుననియు, ఒకసారి అవి అంటినవారికి మశూచికము రాదనియు ఆ పల్లెలలో చెప్పుకొనుచుండిరి. జెన్నర్ 1796 మే 14వ తేదీని సారా నెల్మ్స్ అను పాలపిల్ల చేతి పొక్కునుండి తీసిన రసమును జేమ్స్ ఫిప్స్ అను ఎనిమిదేండ్ల బాలుని చేతికి గీరి అంటించెను. తరువాత మశూచికపు రసమును ఎక్కించినను ఆ బాలునకు వ్యాధి సోకలేదు. ఆ పొక్కులు ఏ ఆవునుండి వచ్చినవో దాని పేరును నిలిచియున్నది – బ్లాసమ్, అనగా పూత. లాటిను భాషలో ఆవును 'వక్కా' అందురు. ఎద్దును కాదు, ఆవునే. ఆ మాటనుండి 'వ్యాక్సిన్' వచ్చినది. జెన్నరునందలి గౌరవముచేత అన్ని రోగముల టీకాలకును ఆ పేరే ఉండవలెనని లూయీ పాశ్చర్ 1881లో ప్రతిపాదించెను. మశూచికము లోకమునుండి తొలగిపోయినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. అమ్మవారు పోసిన ఊళ్ళ కథలు ఎరిగిన వృద్ధులు ఏ గ్రామముననైన ఇంకను ఉన్నారు. టీకా సూది పొడిపించుకొని వచ్చిన బిడ్డ 'వ్యాక్సిన్' అని పలికినపుడెల్ల ఆవు పేరు తలచుచున్నది.

దొరలు కుడి ప్రక్క వరుసకు ఏమియు చేర్చలేదా? చేర్చిరి. 'లయన్ – లయనెస్, టైగర్ – టైగ్రెస్' అనునప్పటి 'ఎస్' అను ప్రత్యయము ఫ్రెంచివారినుండి వచ్చినది. అది గ్రీకున పుట్టి లాటిను మీదుగా ఫ్రెంచికి చేరినది. దానిని తగిలించిన జంతువులను చూడుడు! సింహము, పెద్దపులి. ఇంగ్లండులోని ఏ పల్లెవాడును వానిని మేపలేదు, పితుకలేదు. 13వ శతాబ్దినుండి లండను కోటలో రాజులు సింహములను బోనులలో ఉంచిరి గాని అవి ఊరివారి జంతువులు కావు, పుస్తకములలోను పతాకములపైనను కనబడు జంతువులు. కావున వానికి కొట్టము మాట దొరకలేదు. పుస్తకపు ప్రత్యయము దొరికినది.

ప్రత్యయమను మాట వచ్చినది కనుక విక్సెన్ సంగతి. ఆంగ్లమునకు తనదైన స్త్రీప్రత్యయము ఒకటి పూర్వముండెను. దానితో దేవుడు అను మాటనుండి దేవత అను మాట, తోడేలు నుండి ఆడతోడేలు పేరు, ఫాక్స్ నుండి ఆడనక్క పేరు ఏర్పడినవి. జర్మనుభాషయందు ఆ ప్రత్యయము నేటికిని సజీవముగా ఉన్నది. ఆంగ్లమున అన్నియు నశించి ఒక్క విక్సెన్ మాత్రము మిగిలినది. మగదాని పేరు 'ఫ'కారముతో మొదలుకాగా ఆడదానిది 'వ'కారముతో ఏల మొదలగునని పిల్లలడుగుదురు. దక్షిణ మండలముల పల్లెవాండ్రు ఫకారమును వకారముగా పలికెడివారు. మగదాని పేరు ఒక మండలపు ఉచ్చారణతోను, ఆడదాని పేరు వేరొక మండలపు ఉచ్చారణతోను గ్రంథభాషకెక్కినవి. కోళ్ళు పెంచుకొను ఇల్లాలికి నక్క ఎంతటి పగదో, ఏ రాత్రి వచ్చునో, పిల్లలున్న ఆడనక్క ఎంత తెగించునో తెలియును. కావున ఆ మాట బ్రతికినది.

ఆడజంతువు పేరు కొన్నియెడల జాతికంతటికి పేరైనది. వేయి సంవత్సరముల క్రిందట 'గోట్' అనగా ఆడమేక మాత్రమే. పోతునకు వేరు మాట కలదు. తరువాత గోట్ అనునది జాతినామము కాగా ఆడదానిని వేరుగా చెప్పవలసివచ్చి 'షీ గోట్' అనిరి. అటుపిమ్మట ముద్దుగా 'నానీ గోట్' అనిరి. నానీ యనునది ఆన్ అను ఆడపిల్లకు ముద్దుపేరు. ఆడగాడిదకు జెన్నీ యన్నదియు అట్టిదే. 'గూస్' అనునది ఆడబాతునకు, జాతికిని పేరు. మగదానిని 'గాండర్' అని ప్రత్యేకించి చెప్పవలయును. 'డక్' అనగా మునుగునది. అదియు ఆడదే, జాతియు అదే, మగది 'డ్రేక్'. పశువుల మందను చూచి సామాన్యులు 'కౌస్' అందురు. అందు నాలుగు గిత్తలున్నను అంతే. ఆవుకును ఎద్దుకును కలిపి ఒక్క పశువును చెప్పుటకు సులువైన మాట ఆంగ్లమున లేదు. 'క్యాటిల్' అను మాట ఉన్నది గాని అది మందకే చెల్లును. దాని మూలార్థము ఆస్తి. 'క్యాపిటల్' అనగా మూలధనము అను మాటకు అది తోబుట్టువు. గోధనము అనువారికి దీనిని విప్పి చెప్పనక్కరలేదు. తెలుగున సయితము గేదెలు అన్నచో దున్నలును అందు చేరును. మేక, గొర్రె అన్నచో జాతియంతయు వచ్చును. పోతు, పొట్టేలు అని మగవానినే వేరుచేసి చెప్పుదురు. ఇంటికి ఆదాయమిచ్చు జంతువులలో ఆడదాని పేరు పెద్దపేరైనది. కాపలాకును వేటకును పెంచిన కుక్కయందు మాత్రము మగపేరగు 'డాగ్' జాతికి చెల్లినది.

ఈ మాటలలో కొన్నింటికి సంస్కృతముతో చుట్టరికము కలదు. కౌ అనునది గోశబ్దమునకు దాయాది. యూ అనునది గొర్రెను చెప్పు అవిశబ్దమునకు, గూస్ అనునది హంసశబ్దమునకు, సౌ అనునది సూకరశబ్దములోని మొదటి భాగమునకు బంధువులు. హెన్ కథ మరి విచిత్రము. పూర్వము కోడిపుంజును 'హానా' అనెడివారు, పాడునది అని దాని భావము. దాని ఆడది హెన్. పాడునది పోయినది, దాని పేరును పోయినది. గ్రుడ్డు పెట్టునది నిలిచినది. గుఱ్ఱమును చెప్పు ప్రాచీన పదమొకటి అట్లే నశింపగా దాని స్త్రీరూపమైన మేర్ మిగిలినది.

కంటితో చూచుటచే మారిన పేరు ఒకటి. తేనెటీగల పట్టునందు తక్కినవానికంటె పొడుగైన ఈగ ఒకటి యుండును. అరిస్టాటిలు నాటినుండి ఐరోపావారు దానిని రాజనిరి. ఇందరు కాపుగా ఉండి సేవించునది మగది కాక మరేమగునని వారి తలంపు. షేక్స్పియరును 5వ హెన్రీ నాటకమున తేనెటీగలకు రాజునే చెప్పెను. స్పెయిను దేశమున మెండెజ్ డి టోరెస్ 1586లో అది గ్రుడ్లు పెట్టునదని వ్రాసెను. ఇంగ్లండులో చార్లెస్ బట్లర్ అను మతాచార్యుడు తాను పట్టులు పెంచి చూచి, 1609లో గ్రంథమును ప్రకటించి, దానికి స్త్రీరాజ్యము అను అర్థమిచ్చు పేరు పెట్టెను. ఎలిజబెత్తు రాణి మరణించి అప్పటికి ఆరేండ్లే అయినది కావున, స్త్రీ రాజ్యమేలుట ఆంగ్లేయులకు నమ్మరాని సంగతి కాకపోయెను. అటుపిమ్మట హాలండు దేశస్థుడు స్వామర్‌డామ్ సూక్ష్మదర్శిని క్రింద దానిని కోసి అండాశయమును చూపెను. నాటినుండి అది 'క్వీన్'. సోమరిగా తిరుగు 'డ్రోన్' అను ఈగలే మగవి. పని చేయు ఈగలన్నియు ఆడవేయని తేలినది.

ఇంతవరకు కొట్టములోని మాట. ఆ మాటయే కొట్టము దాటి వీధిలోనికి వచ్చి స్త్రీమీద పడినప్పుడు ఏమైనదో చెప్పక విడుచుట తగదు. ఆడకుక్క పేరును ఆంగ్లేయులు 15వ శతాబ్ది నాటికే స్త్రీకి తిట్టుగా వాడిరి. ఫ్రాన్సిస్ గ్రోస్ అను ఆయన 1785లో నీచవ్యవహారమందలి మాటలకు నిఘంటువు కూర్చుచు, ఆంగ్ల స్త్రీని అనదగిన తిట్లలో దీనిని మించినది లేదని తేల్చెను. విక్సెన్ అనగా గయ్యాళి యయ్యెను. షేక్స్పియరు కాలమునకే ఆ వాడుక కలదు. కౌ, సౌ అను మాటలును తిట్లే. భార్యకు వెరచు భర్తను పెట్ట పొడిచిన పుంజు అను భావము వచ్చు మాటతో పరిహసింతురు. మగజంతువుల పేర్లు పురుషులకు చెప్పునప్పుడు అట్లు కాదు. అదృష్టవంతుని డాగ్ అని ముద్దుగా అందురు, యుక్తిపరుని ఫాక్స్ అని మెచ్చుకొందురు. పాలిచ్చినది, గ్రుడ్డు పెట్టినది, ఇల్లు నిలిపినది ఏదో దాని పేరే తిట్టయ్యెను. ఇది న్యాయమైన సంగతి కాదు. సింహపు పేరు మాత్రము చెడలేదు. ఇంగ్లండు దేశపు స్త్రీల కాలిబంతి జట్టును 'లయనెసెస్' అందురు. ఆ జట్టు 2022లోను 2025లోను ఐరోపా విజేతగా నిలిచినది. ఎవ్వరును పితుకని జంతువు పేరు గనుక దానికి గౌరవము దక్కినదేమో!

తిట్టయిన మాట కొట్టమున తిట్టు కాదనుటయు సత్యమే. 1873లో స్థాపితమైన ఇంగ్లండు కెన్నెల్ క్లబ్బువారి కుక్కల ప్రదర్శనలలో మగకుక్కలకు వేరుగను ఆడకుక్కలకు వేరుగను పోటీలు జరుగును. సభ్యసమాజమున నోటికి రాని ఆ పేరునే అచ్చట బిగ్గరగా చదువుదురు, యోగ్యతాపత్రముపై అచ్చువేయుదురు. ఎవ్వరును తల వంచుకొనరు. ఎక్కడ ఏ మాటయో తెలియుటయే భాష తెలియుట. బడిపట్టికలో ఆ మాటను డాగ్ సరసను ముద్రించి ఊరకున్నచో, బాలిక ఒకతె దానిని నిర్మలముగా ఎక్కడనో పలికి అవమానపడగలదు. ఉపాధ్యాయులు దానిని దాచుటకంటె, అది కుక్కల పెంపకమున నిర్దోషమైన మాటయనియు, మనుష్యులయెడ ఘోరమైన తిట్టనియు ఒక్క నిమిషము చెప్పివేయుట మేలు.

తెలుగువారికి ఇచ్చట వేరొక ప్రమాదమును కలదు. తెలుగున దున్నపోతు, ఆబోతు అను తిట్లు మగవానికే పడును. ఆవు మాత్రము సాధుత్వమునకు గుర్తు. గంగిగోవు వంటి ఇల్లాలు అన్నచో అంతకు మించిన మెప్పు లేదు. దూరదేశమున ఉద్యోగము చేయు కుమారుడు తన ఆంగ్లేయ మిత్రులకు తల్లిని పరిచయము చేయుచు, 'మా అమ్మ ఆవు వంటిది' అని ఉన్నదున్నట్లు ఆంగ్లమున పలికినచో, ఆ మిత్రులు ఒకరి మొగము ఒకరు చూచుకొందురు. తల్లి మాత్రము, భాష తెలియనిదగుటచే, కుమారుడు మంచిమాటయే అన్నాడని చిరునవ్వు నవ్వుచు నిలుచుండును.